ఎర్ర చుక్కల బరువెంత?

జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన లోతైన ఆకాశ చిత్రం ఏదైనా తెరిచి బాగా పెద్దది చేసి చూడండి. సుడులు తిరిగిన గెలాక్సీలు, కోలగా ఉన్నవి, చెదిరిపోయిన నీలి మరకలు వందలకొద్దీ ఉంటాయి. వాటి మధ్య అక్కడక్కడ కుంకుమ రవ్వంత ఎర్రటి బొట్టు కనిపిస్తుంది. దానికి సుడుల చేతులు లేవు, చుట్టూ మసక లేదు. ఇంకా పెద్దది చేసినా కొత్త ఆకారమేదీ బయటపడదు. కాస్త ప్రకాశం ఎక్కువున్న వాటి చుట్టూ ఆరు మొనలు కనిపిస్తాయి గానీ అవి టెలిస్కోపు అద్దాల అమరిక వల్ల వచ్చినవి. అంటే ఆ వస్తువు వెబ్ కంటికి కూడా ఒట్టి బిందువే.

వీటికి 2023లో యోరిట్ మాతే బృందం పెట్టిన 'లిటిల్ రెడ్ డాట్స్' అన్న పేరు స్థిరపడిపోయింది. చిన్న ఎర్ర చుక్కలు అనుకుందాం. విశ్వం వయసు ఇప్పుడు 1,380 కోట్ల సంవత్సరాలు. ఈ చుక్కల్లో ఎక్కువ భాగం విశ్వం పుట్టిన 60 కోట్ల నుంచి 150 కోట్ల సంవత్సరాల మధ్య కాలానివి. పిట్ట కొంచెం, కూత ఘనం అన్నట్టు, ఇంత చిన్న చుక్కలు విశ్వ నిర్మాణ సిద్ధాంతాన్నే తిరగరాయిస్తాయేమో అన్నంత కలకలం రేపాయి. ఆ కలకలమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. ఆ ఎరుపు ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు మారినప్పుడల్లా చుక్క బరువు పదులు, వందల రెట్లు మారిపోతూ వచ్చింది.

ముందుగా ఇవి ఇన్నాళ్లు ఎందుకు దొరకలేదో చూడాలి. విశ్వం విస్తరిస్తున్నందువల్ల దూరపు వస్తువు నుంచి బయలుదేరిన కాంతి దారిలో సాగుతుంది. ఆ సాగుడుకు కొలతే రెడ్‌షిఫ్ట్, అది ఎంత ఎక్కువైతే వస్తువు అంత దూరం. రెడ్‌షిఫ్ట్ 5 అంటే తరంగదైర్ఘ్యం 6 రెట్లు సాగిందని అర్థం. ఆ చుక్కల కాంతిలో అసలు మలుపు 0.36 మైక్రాన్ల దగ్గర ఉంది (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). దానికంటే పొట్టి తరంగాల్లో, అంటే అతినీలలోహితం వైపు, చుక్క కాస్త నీలంగా, మసకగా ఉంటుంది. అది దాటగానే ఎరుపు వైపు ప్రకాశం నిటారుగా పైకి లేస్తుంది. గ్రాఫు గీస్తే ఆంగ్ల అక్షరం 'వి' ఆకారం వస్తుంది. రెడ్‌షిఫ్ట్ 5 వద్ద ఆ మలుపు మనకు 2.2 మైక్రాన్ల దగ్గర కనిపిస్తుంది. హబుల్ చూపు దాదాపు 1.7 మైక్రాన్లతో ఆగిపోతుంది కాబట్టి దానికి కనిపించింది ఆ మసక నీలపు భాగమే. అలాంటివి హబుల్ చిత్రాల్లో వేలున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. స్పిట్జర్ టెలిస్కోపు 3.6, 4.5 మైక్రాన్లలో చూడగలిగేది గానీ దాని అద్దం 85 సెంటీమీటర్లే. పక్కపక్కనున్న వస్తువులన్నీ ఒకే ముద్దగా కలిసిపోయేవి. 6.5 మీటర్ల అద్దంతో, 0.6 నుంచి 5 మైక్రాన్ల వరకు చూసే కెమెరాతో వెబ్ వచ్చాకే 'వి' రెండు కాళ్లూ ఒకే చిత్రంలో పడ్డాయి.

ఇవి ఎంత చిన్నవో కూడా లెక్క కట్టవచ్చు. 4.4 మైక్రాన్ల కాంతిలో 6.5 మీటర్ల అద్దం విడదీయగల కనీస కోణం సుమారు 0.14 ఆర్క్‌సెకండ్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకండ్). రెడ్‌షిఫ్ట్ 5 దూరంలో అది దాదాపు 3,000 కాంతి సంవత్సరాలకు సమానం. చుక్కలు ఆ హద్దు లోపలే ఇమిడిపోయాయి. బిందువు ఆకారాన్ని నమూనాగా పెట్టి తీసివేస్తే చాలా చుక్కల వ్యాసార్ధం కొన్ని వందల కాంతి సంవత్సరాలకు మించదని తేలుతోంది. మన పాలపుంత వ్యాసం లక్ష కాంతి సంవత్సరాలు.

మొదటి బరువు: నక్షత్రాలనుకుంటే

2023 ఫిబ్రవరిలో ఇవో లాబే బృందం 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. సప్తర్షి మండలంలో తోక కొసనున్న మరీచికి ఆరేడు డిగ్రీల దూరంలో ఒక సన్నని పట్టీని వెబ్ ఫొటో తీసింది. సీర్స్ అనే ఆ సర్వేలో వారికి ఆరు ఎర్రటి, బరువైన వస్తువులు దొరికాయి. విశ్వం పుట్టిన 50 నుంచి 70 కోట్ల సంవత్సరాలకే ఒక్కొక్కదానిలో 1,000 కోట్ల సూర్యులకు మించిన నక్షత్ర ద్రవ్యరాశి ఉందని, ఒకదానిలో 10,000 కోట్ల వరకు ఉండవచ్చని వారి లెక్క. గెలాక్సీ ఎర్రగా ఉందంటే నీలి నక్షత్రాలు ఆరిపోయి ముసలి నక్షత్రాలు మిగిలాయనో, ధూళి అడ్డు వచ్చిందనో అనుకోవడం అలవాటు. రెండు సందర్భాల్లోనూ కనిపించే కాంతి కంటే అసలు బరువు చాలా ఎక్కువగా వస్తుంది.

సిద్ధాంతానికి ఎక్కడ ఇబ్బంది వచ్చిందంటే, కృష్ణ పదార్థపు గూళ్లు, అంటే కంటికి కనిపించకుండా గురుత్వంతో గెలాక్సీలను పట్టి ఉంచే పదార్థపు గుంపులు, ఎంత తొందరగా, ఎంత పెద్దవిగా కూడగలవో మనకు బాగానే తెలుసు. ఆ గూటిలోని మొత్తం పదార్థంలో మామూలు అణువుల వాటా సుమారు 16 శాతం. అందులోనూ పది, ఇరవై శాతానికి మించి నక్షత్రాలుగా మారడం కష్టం. మిగతాది వేడెక్కి చెదిరిపోతుంది. ఆ ఆరింటి బరువు నిజమైతే దాదాపు ఉన్న వాయువంతా నక్షత్రాలుగా మారి తీరాలి. ఆ బృందంవారే వీటిని సరదాగా 'విశ్వాన్ని బద్దలుకొట్టేవి' అని పిలుచుకున్నారు.

అయితే ఆ దూరాలు ఫిల్టర్ల రంగులను బట్టి వేసిన అంచనాలు. ఆ ఆరింటిలో ఒకదాని రెడ్‌షిఫ్ట్ 8.13 అని అంచనా వేశారు. డేల్ కోచెవ్‌స్కీ బృందం దాని వర్ణపటం, అంటే తరంగదైర్ఘ్యాలుగా విడదీసిన కాంతి, చూస్తే 5.62 అని తేలింది. ఆ రెడ్‌షిఫ్ట్ దగ్గర హైడ్రోజన్ ఒకే తరంగదైర్ఘ్యంలో వెలిగించే ఆల్ఫా రేఖ, అసలు 0.656 మైక్రాన్లది, సాగి 4.34 మైక్రాన్లకు వచ్చి సరిగ్గా 4.4 మైక్రాన్ల ఫిల్టర్లో పడింది. ఒక్క రేఖ కాంతి ఫిల్టర్ మొత్తాన్ని వెలిగిస్తే లెక్కకట్టే ప్రోగ్రాం దాన్ని నక్షత్రాల వెలుగు అనుకుంది. దూరం తగ్గింది. అంతకంటే ముఖ్యంగా ఆ రేఖ బాగా వెడల్పుగా ఉంది.

జల్లెడ ఎలా పడతారు

ఇక్కడ కాస్త ఆగి, వీటిని ఎలా ఏరతారో చూడడం మంచిది. ఈ రంగంలో వచ్చిన గొడవల్లో సగం జల్లెడ కన్నం సైజు దగ్గరే మొదలయ్యాయి. వెబ్ సమాచారంలో చాలా భాగం అందరికీ అందుబాటులో ఉంటుంది. ఈ పని కాలేజీ విద్యార్థి కూడా తన కంప్యూటర్లో చేసి చూడవచ్చు.

ముందు 4.4 మైక్రాన్ల చిత్రంలో వస్తువు మీద 0.2 ఆర్క్‌సెకండ్ల వృత్తం గీసి అందులో పడే కాంతిని కొలుస్తారు. తర్వాత 0.4 ఆర్క్‌సెకండ్ల వృత్తంలో కొలుస్తారు. రెండో కొలత మొదటిదానికి 1.7 రెట్లకు లోపు ఉంటే వస్తువు బిందువులా ఉందని అర్థం. మామూలు గెలాక్సీ అయితే పెద్ద వృత్తంలో ఇంకా చాలా కాంతి చేరుతుంది. తర్వాత రంగు చూడాలి. 2.77 మైక్రాన్ల ఫిల్టర్ కంటే 4.44 మైక్రాన్ల ఫిల్టర్లో కనీసం ఒక మాగ్నిట్యూడ్, అంటే 2.5 రెట్లు ప్రకాశం ఎక్కువ ఉండాలి. 1.5, 2 మైక్రాన్ల మధ్య మాత్రం తేడా 0.8 మాగ్నిట్యూడ్‌కు మించకూడదు. ఈ రెండో షరతు లేకపోతే 'వి' ఎడమ కాలు లేని, ధూళి కమ్మిన మామూలు గెలాక్సీలు జల్లెడలో మిగిలిపోతాయి.

ఇంత చేసినా తాలు మిగులుతుంది. మొదటి రకం గోధుమ మరుగుజ్జులు. ఇవి మన పాలపుంతలోనే ఉన్న, నక్షత్రం కాలేకపోయిన చల్లటి వస్తువులు. ఇవీ బిందువులే, 4.4 మైక్రాన్లలో ఇవీ ఎరుపే. వాటి వాతావరణంలోని మీథేన్, నీటి ఆవిరి కాంతిని కోసే తీరు వల్ల 1.15, 2 మైక్రాన్ల మధ్య రంగు విచిత్రంగా నీలం వైపు పడిపోతుంది. ఆ ఒక్క తేడాతో చాలావాటిని తీసేయవచ్చు. రెండో రకం పైన చెప్పిన రేఖల మోసం. ఆక్సిజన్ రేఖలు గానీ హైడ్రోజన్ ఆల్ఫా గానీ ఒక ఫిల్టర్లో పడితే నీలి గెలాక్సీ కూడా ఎర్రగా దిగుతుంది. అందుకే కోచెవ్‌స్కీ బృందం రెండు ఫిల్టర్ల తేడాను నమ్మకుండా, రెడ్‌షిఫ్టును బట్టి మలుపుకు అటూ ఇటూ అనేక ఫిల్టర్ల మీదుగా వాలు గీసింది. ఆ పద్ధతిలో వెబ్ సర్వేలు అనేకం గాలించి 341 చుక్కలు ఏరింది.

చివరికి వర్ణపటం తీయక తప్పదు. అక్కడా జాగ్రత్త అవసరం. వెబ్ ప్రిజం ఒకేసారి 0.6 నుంచి 5.3 మైక్రాన్ల వరకు చూపిస్తుంది, మసక వస్తువులకు అదే దిక్కు. కానీ దాని విభజన శక్తి, అంటే పక్కపక్క తరంగదైర్ఘ్యాలను విడదీసే సామర్థ్యం, 30 నుంచి 300 వరకే. వాయువు వేగాన్ని బట్టి రేఖ వెడల్పవుతుంది కాబట్టి ఆ వెడల్పును వేగంలోనే చెబుతారు. 300 దగ్గర కూడా సెకనుకు 1,000 కిలోమీటర్ల కంటే సన్నని రేఖ వెడల్పు తెలియదు. రేఖ నిజంగా వెడల్పైనదా, ప్రిజమే దాన్ని అలికిందా అన్నది తేల్చాలంటే విభజన శక్తి 1,000 లేదా 2,700 ఉన్న గ్రేటింగ్, అంటే కాంతిని ఇంకా సన్నగా విడదీసే గీతల పలక, కావాలి. దానికి టెలిస్కోపు సమయం ఎక్కువ పడుతుంది.

రెండో బరువు: కృష్ణబిలమనుకుంటే

చుక్కల్లో చాలావాటి హైడ్రోజన్ రేఖలు సెకనుకు 1,000 నుంచి 3,000 కిలోమీటర్ల వెడల్పున్నాయి. సెకనుకు 2,000 కిలోమీటర్లంటే హైడ్రోజన్ ఆల్ఫా రేఖ దాదాపు 44 ఆంగ్‌స్ట్రాంల మేర పరుచుకుంటుంది (మైక్రాన్‌లో పదివేలవ వంతు ఒక ఆంగ్‌స్ట్రాం). అదే చుక్కలో ఆక్సిజన్ రేఖలు మాత్రం సన్నగా ఉన్నాయి. గెలాక్సీ నుంచి గాలిలా వాయువు తోసుకొస్తుంటే రెండూ వెడల్పవ్వాలి. పలుచని వాయువులోనే పుట్టే ఆక్సిజన్ రేఖ సన్నగా ఉండి హైడ్రోజన్ ఒక్కటే వెడల్పయిందంటే, ఆ హైడ్రోజన్ ఏదో బరువైన దాని చుట్టూ దగ్గరగా, దట్టంగా తిరుగుతోందని అర్థం. అది భారీ కృష్ణబిలం ఆనవాలు.

దాని బరువు తూచే పద్ధతి సూటిగానే ఉంటుంది. రేఖ వెడల్పు తిరిగే వేగాన్ని ఇస్తుంది, ప్రకాశం ఆ వాయువు ఎంత దూరంలో తిరుగుతోందో చెబుతుంది. వేగం రెట్టింపయితే బరువు నాలుగు రెట్లు. దూరానికీ ప్రకాశానికీ ఉన్న సంబంధాన్ని దగ్గరి గెలాక్సీల మీద ఏళ్ల తరబడి కొలిచి పెట్టుకున్నారు. ఈ త్రాసులో ఎర్ర చుక్కల కృష్ణబిలాలు కోటి, పది కోట్ల సూర్యుల స్థాయిలో తూగాయి. నక్షత్రాల బరువు సమస్య తీరింది గానీ కొత్తది వచ్చింది. మన చుట్టుపక్కల గెలాక్సీల్లో కృష్ణబిలం బరువు గెలాక్సీ బరువులో వెయ్యింట ఒక వంతు ఉంటుంది. ఇక్కడ పదింట ఒకటి, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. పైగా ఆ కాలానికి తెలిసిన క్వాసార్ల, అంటే కృష్ణబిలం మేస్తుండగా మిరుమిట్లు గొలిపే గెలాక్సీ కేంద్రాల, సంఖ్యను బట్టి ఊహించినదానికంటే ఇవి వంద రెట్లు ఎక్కువగా ఉన్నాయి.

ఇదంతా నచ్చక, కృష్ణబిలమే అక్కర్లేదని వాదించినవారూ ఉన్నారు. ఇంత ఇరుకు చోట అంత బరువుంటే నక్షత్రాల వేగాలే సెకనుకు వెయ్యి కిలోమీటర్లు దాటతాయి కదా అన్నది వారి మాట. లెక్కకు అది తప్పు కాదు. కానీ 1,000 కోట్ల సూర్యులను 330 కాంతి సంవత్సరాల వ్యాసార్ధంలో కుక్కితే నక్షత్రాల సాంద్రత మన సూర్యుడి పరిసరాల కంటే 20 వేల రెట్లు పైనే వస్తుంది. అలాంటి గెలాక్సీలు అన్ని ఉండి, తర్వాత జాడ లేకుండా పోవడాన్ని నమ్మడం కష్టం.

కృష్ణబిలం వాదనకు అసలు దెబ్బ మరోచోట తగిలింది. కృష్ణబిలం మేస్తున్నదంటే ఎక్స్-కిరణాలు రావాలి. చంద్రా టెలిస్కోపు దక్షిణాకాశంలో ఒకే చోటును 70 లక్షల సెకన్లు, అంటే 80 రోజులకు పైగా, చూసిన చిత్రం ఉంది. ఆ చోట ఉన్న చుక్కల స్థానాలను ఒకదానిపై ఒకటి పేర్చి కలిపినా దాదాపు ఏమీ రాలేదు. ఎరుపుకు ధూళి కారణమైతే, ఆ ధూళి కాంతిని మింగి వేడెక్కి 12 నుంచి 18 మైక్రాన్లలో వెలగాలి. వెబ్‌లోని మిరి పరికరం చూస్తే అక్కడ గ్రాఫు లేవకుండా చదునుగా ఉంది. చల్లటి ధూళి కోసం చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులు వెతికాయి, దొరకలేదు. క్వాసార్ల వెలుగు నెలలు, ఏళ్ల వ్యవధిలో హెచ్చుతగ్గులవుతుంది. చుక్కలు చాలావరకు నిలకడగా వెలుగుతున్నాయి. దీనికి మాత్రం ఒక సర్దుబాటు ఉంది. రెడ్‌షిఫ్ట్ 5 వద్ద మనం ఏడాది చూస్తే అక్కడ గడిచేది రెండు నెలలే. ఇంకా ఓపిగ్గా చూడాలి. ఎక్స్-కిరణాల లేమికీ, ధూళి లేమికీ అలాంటి సర్దుబాటు దొరకలేదు.

దట్టమైన వాయువు గూడు

చిక్కుముడి విప్పడంలో పెద్ద సాయం చేసిన వస్తువు పేరు 'ద క్లిఫ్', అంటే కొండ అంచు. అన్నా డి గ్రాఫ్ నడిపించిన రూబీస్ సర్వేలో, తిమింగలం రాశిలో, రెడ్‌షిఫ్ట్ 3.55 వద్ద ఇది దొరికింది. దీని కాంతి బయలుదేరి సుమారు 1,200 కోట్ల సంవత్సరాలయింది. 2025లో వచ్చిన ఆ పరిశోధన చూపిన వర్ణపటంలో 0.36 మైక్రాన్ల దగ్గర కాంతి కొండ కొస నుంచి పడినట్టు పడిపోతుంది. అంతకుముందు దూరపు విశ్వంలో చూసిన ఏ మెట్టుకైనా ఇది రెట్టింపు.

ఈ మెట్టు పేరు బామర్ విరామం. హైడ్రోజన్ అణువులో ఎలక్ట్రాన్ రెండో మెట్టు మీద ఉన్నప్పుడు 3,646 ఆంగ్‌స్ట్రాంల కంటే పొట్టి కాంతి దాన్ని ఊడగొట్టేస్తుంది. అందుకే ఆ కాంతి మాయమవుతుంది. సూర్యుడి కంటే వేడైన తెల్లటి నక్షత్రాల పైపొరల్లో ఇది సహజం. గెలాక్సీలో మాత్రం రకరకాల నక్షత్రాల వెలుగు కలిసిపోయి మెట్టు అరిగిపోతుంది. ఎన్ని వయసుల నక్షత్రాలను ఎలా కలిపినా క్లిఫ్ అంత నిటారు మెట్టు రాదు. ధూళి కూడా దీన్ని చేయలేదు. ధూళి వల్ల వచ్చే తగ్గుదల వాలుగా ఉంటుంది, ఒక్కచోట తెగదు.

మిగిలిన దారి ఒక్కటే. కృష్ణబిలం చుట్టూ వాయువే దట్టంగా కమ్ముకుని ఉండాలి. ఖగోళ శాస్త్రవేత్తలు కోహెయ్ ఇనయోషి, రొబెర్తో మయోలీనో ఈ మాటను ముందే లెక్కలతో చెప్పారు. ఘన సెంటీమీటరుకు వంద కోట్లకు పైగా అణువులుంటే, అవి ఒకదానికొకటి గుద్దుకుని ఎలక్ట్రాన్లను రెండో మెట్టు మీద నిలిపి ఉంచుతాయి. గెలాక్సీల నక్షత్రాల మధ్య వాయువులో సగటున ఘన సెంటీమీటరుకు ఒక్క అణువు ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ గూడు ఎంత చిక్కనిదో తెలుస్తుంది. దీనికి ఇంకో సాక్ష్యం ఉంది. చాలా చుక్కల్లో వెడల్పాటి హైడ్రోజన్ రేఖ నడుమ సన్నని గీత కోసినట్టుంటుంది. ముందున్న దట్టమైన హైడ్రోజన్ పొరే ఆ కాంతిని మింగుతోంది. రోహన్ నాయుడు బృందం రెడ్‌షిఫ్ట్ 7.76 వద్ద ఇలాంటిదే ఇంకొకటి చూపి 'కృష్ణబిల నక్షత్రం' అన్న పేరు పెట్టింది.

ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. ఎరుపు వైపు కాంతిని వేడి వస్తువు వెలుగుగా భావించి ఉష్ణోగ్రత కడితే సుమారు 5,000 కెల్విన్ వస్తోంది. సూర్యుడి ఉపరితలం 5,770. చుక్క ప్రకాశం సెకనుకు పది టు ది పవర్ నలభై నాలుగు ఎర్గులు, అంటే దాదాపు 2,600 కోట్ల సూర్యులంత, అనుకుందాం. 5,000 కెల్విన్ దగ్గర అంత వెలుగు రావాలంటే ఆ గోళం వ్యాసార్ధం 15,000 కోట్ల కిలోమీటర్లు ఉండాలి. భూమి నుంచి సూర్యుడి దూరానికి వెయ్యి రెట్లు. కాంతి ఆ కేంద్రం నుంచి అంచుకు రావడానికి ఆరు రోజులు పడుతుంది. గెలాక్సీతో పోలిస్తే ఇసుక రేణువు, నక్షత్రంతో పోలిస్తే మహాకాయం. లోపల కృష్ణబిలం మేస్తూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి గూడంతా పాకి పైపొర నుంచి ఎర్రగా బయటపడుతుంది. తెలుగులో చుక్క అంటే బొట్టూ నక్షత్రమూ రెండూ కదా, ఎర్ర చుక్క అన్న మాటకు ఇక్కడ రెండు అర్థాలూ సరిపోతున్నాయి.

వేర్వేరు చుక్కల్లో అదే 5,000 కెల్విన్ ఎందుకు రావాలి? దీనికి జవాబు పాత భౌతికశాస్త్రంలోనే ఉంది. మేఘనాద్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణం ప్రకారం ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ హైడ్రోజన్ అణువులు ఎలక్ట్రాన్లను తిరిగి పట్టుకుంటాయి. స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు తగ్గగానే వాయువు మంచు విడిచినట్టు పారదర్శకమవుతుంది. 5,000 కెల్విన్ దరిదాపుల్లో ఈ మార్పు చాలా చురుగ్గా జరుగుతుంది. కాబట్టి గూడు లోపల ఎంత వేడున్నా మనకు కనిపించే పొర ఆ ఉష్ణోగ్రత దగ్గరే ఉంటుంది. ఎర్ర మహాకాయ నక్షత్రాలు ఒక హద్దు కంటే చల్లబడలేవని చుషిరో హయాషి 1961లో చూపించింది ఇదే కారణంతో. ఎక్స్-కిరణాలు రాకపోవడం, వేడి ధూళి లేకపోవడం, వెలుగు నిలకడగా ఉండడం, మూడూ ఈ చిత్రంలో ఒకేసారి సర్దుకుంటున్నాయి. ఒకే ఊహ ఇన్ని ఇబ్బందులను తీర్చడమే దాని బలం. మసక నీలపు కాలు మాత్రం ఇంకా పూర్తిగా కుదరలేదు. అది చుట్టూ ఉన్న చిన్న గెలాక్సీలోని పసి నక్షత్రాల వెలుగని కొందరు, గూటి కన్నాల్లోంచి వచ్చే వెలుగని కొందరు అంటున్నారు.

మూడో బరువు

గూడు ఉందనుకుంటే త్రాసు మళ్లీ కదులుతుంది. గూటిలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు అక్కడి 10,000 కెల్విన్ వేడిలో సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల వేగంతో అటూ ఇటూ తిరుగుతుంటాయి. హైడ్రోజన్ కాంతి బయటికి వచ్చే దారిలో వాటిని పలుమార్లు తాకుతుంది. తాకినప్పుడల్లా తరంగదైర్ఘ్యం కాస్త జరుగుతుంది. చివరికి సన్నని రేఖ కూడా రెక్కలు చాచుకుని వెడల్పుగా బయటపడుతుంది. అలా వచ్చిన రేఖ ఆకారం వేరుగా ఉంటుంది. తిరిగే వాయువు రేఖ గంట ఆకారంలో ఉంటే, ఎలక్ట్రాన్లు చెదరగొట్టిన రేఖకు రెండు వైపులా ఘాతాంక రెక్కలు వస్తాయి. లాగరిథం గ్రాఫు మీద అవి గుడారంలా వాలిన తిన్నని గీతలుగా కనిపిస్తాయి. వాదిమ్ రుసకోవ్ బృందం మంచి వర్ణపటాలున్న చుక్కల్లో సరిగ్గా అదే ఆకారం కనిపించిందని చెప్పి, కృష్ణబిలాల బరువు వంద రెట్ల వరకు తగ్గించింది. అంటే లక్ష నుంచి కోటి సూర్యులు.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడానికి గట్టి కారణమే ఉంది. అబెల్ 2744 అనే గెలాక్సీల గుంపు మనకు సుమారు 350 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని గురుత్వం భూతద్దంలా పనిచేసి, వెనకున్న ఒకే ఎర్ర చుక్కను మూడు చోట్ల చూపిస్తోంది. దాని పేరు క్యూఎస్‌ఓ1, రెడ్‌షిఫ్ట్ 7.045. రేఖ వెడల్పును బట్టి 4 కోట్ల సూర్యులని ముందే తూచారు. గురుత్వ కటకం పెద్దది చేసినందువల్ల దాని చుట్టూ తిరుగుతున్న వాయువు వేగం దూరంతో ఎలా తగ్గుతోందో 2025లో ఇగ్నాస్ యుయోద్జ్‌బాలిస్ బృందం నేరుగా కొలిచింది. సూర్యుడి చుట్టూ గ్రహాల వేగం తగ్గినట్టే తగ్గింది. ఆ లెక్కన బరువు 5 కోట్లు. పాత త్రాసు ఈ ఒక్కచోట సరిగ్గా తూగింది. కాబట్టి వంద రెట్ల తగ్గింపును అన్ని చుక్కలకూ ఒకేలా వేయడం తొందరపాటు. అయితే వేగపు కొలత దొరికింది ఒక్కదానికే. ఒక్క మెతుకు పట్టి అన్నమంతా ఉడికిందనడం ఇక్కడ కుదరదు, ఎందుకంటే చుక్కలన్నీ ఒకే కుండలోవని ఇంకా తేలలేదు.

బరువు ఎందుకింత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. కృష్ణబిలం మేసేకొద్దీ వచ్చే వెలుగు, మీద పడే వాయువును వెనక్కి నెడుతుంది. ఆ ఎడింగ్టన్ హద్దులో ఉంటే అది సుమారు 3.5 కోట్ల సంవత్సరాలకోసారి రెట్టింపవుతుంది. చనిపోయిన నక్షత్రం మిగిల్చిన 100 సూర్యుల బిలం 4 కోట్లకు చేరాలంటే పద్దెనిమిదిన్నర రెట్టింపులు కావాలి. అంటే 65 కోట్ల సంవత్సరాలు, ఒక్క పూట కూడా పస్తుండకుండా. క్యూఎస్‌ఓ1 కాలానికి విశ్వం వయసు 75 కోట్లు. తొలి నక్షత్రాలు పుట్టడానికే అందులో పది కోట్లు పైగా పోతాయి. ఇక మిగులే లేదు. పెద్ద వాయు మేఘం నక్షత్రాలుగా చీలకుండా నేరుగా కూలి లక్ష సూర్యుల బిలంగా మొదలైతే 30 కోట్ల ఏళ్లు చాలు. లేదా గూడు లోపల ఎడింగ్టన్ హద్దును దాటి మేసినా సరిపోతుంది. బరువు వంద రెట్లు తక్కువైతే 100 సూర్యుల విత్తనంతోనే 42 కోట్ల ఏళ్లలో పని జరుగుతుంది, ఏ వింతా అక్కర్లేదు. క్యూఎస్‌ఓ1లో ఆక్సిజన్ సూర్యుడితో పోలిస్తే ఒక శాతం కూడా లేదు. తరాల నక్షత్రాలు పుట్టి గిట్టిన చోటైతే అలా ఉండదు. అక్కడ గెలాక్సీ కంటే ముందే కృష్ణబిలం పెరిగిందన్న వాదనకు ఇది గట్టి ఆధారం.

చుక్కల జనాభా లెక్క కూడా గమనించదగ్గది. కోచెవ్‌స్కీ 341 చుక్కల పట్టికలో ఇవి రెడ్‌షిఫ్ట్ 8 దగ్గర జోరుగా మొదలై, 4.5 దాటాక వేగంగా తగ్గిపోతాయి. కృష్ణబిలం తన తొలి భోజనాలను గూడు కట్టుకుని చేస్తుందని, బయట వాయువు అందడం తగ్గాక గూడు చెదిరి మామూలు క్వాసార్‌గానో, నిద్రపోయే బిలంగానో మారుతుందని ఇనయోషి ప్రతిపాదన. ఫాబియో పకూచి, అవి లోబ్ మాత్రం నెమ్మదిగా తిరిగే కృష్ణ పదార్థపు గూళ్లలోనే ఇంత చిన్న వస్తువులు పుడతాయని, అలాంటివి అరుదు కాబట్టే చుక్కలూ అరుదని అంటారు. రెండూ కలిసే నిజం కావచ్చు.

పూర్తిగా అంతరించాయా అంటే, లేదు. 2025లో షియావోజింగ్ లిన్ బృందం మనకు దగ్గరగా, రెడ్‌షిఫ్ట్ 0.1, 0.2 మధ్య మూడు ఎర్ర చుక్కలను చూపించింది. వాటిలో బాగా పరిశీలించింది జే1025+1402. అదే 'వి' ఆకారం, అవే వెడల్పాటి హైడ్రోజన్ రేఖలు. దగ్గరగా ఉండడం వల్ల అందులో సోడియం, పొటాషియం, కాల్షియం కాంతిని మింగిన సన్నని గీతలు కూడా దొరికాయి. ఇవి చల్లటి వాయువులోనే ఏర్పడతాయి. 5,000 కెల్విన్ గూటికి ఇంతకంటే నేరు సాక్ష్యం దూరపు చుక్కల్లో దొరకడం కష్టం. ఇది కొత్తగా కనుగొన్న వస్తువేమీ కాదు. 2008లోనే యూరీ ఇజోటోవ్, ట్రిన్ థువాన్ లోహాలు తక్కువున్న వింత మరుగుజ్జు గెలాక్సీల్లో ఒకటిగా దీన్ని పట్టికలో చేర్చారు. దాని వెడల్పాటి రేఖకు కృష్ణబిలమే కారణమని అప్పుడే అనుమానించారు. ఆ పట్టికలోని వాటితో పోల్చడానికి జతలు వెబ్ వచ్చాకే దొరికాయి.

దాని పేరులోనే చిరునామా ఉంది: 10 గంటల 25 నిమిషాలు, ఉత్తరానికి 14 డిగ్రీలు. అది సింహరాశి. మఖ నక్షత్రానికి ఈశాన్యంగా, చాచిన చేతికి మూడు వేళ్ల వెడల్పు దూరంలో ఉంటుంది. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో రాత్రి తొమ్మిది, పది గంటల వేళ తిరుపతి నుంచి చూస్తే ఆ చోటు దాదాపు నడినెత్తి మీదికి వస్తుంది. చుక్క కంటికి కనిపించదు. దాని కాంతి మనల్ని చేరడానికి పట్టేది సుమారు 130 కోట్ల సంవత్సరాలు. వెబ్ చూసే దూరపు చుక్కల కాంతి ప్రయాణంలో అది పదో వంతు మాత్రమే. నేల మీది పెద్ద టెలిస్కోపులతో దాని గూడు పొరలను రేఖ రేఖగా చదివే పని ఇప్పుడు సాగుతోంది.